ప్రాక్సీలు మారిస్తే బ్లాక్ తప్పుతుందా? తత్కాల్ చెబుతున్న అసలు విషయం ఇదే!

మారేడుమిల్లికి రైలు లేదు. హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లేవాళ్లు రాజమండ్రిలో దిగి, రంపచోడవరం మీదుగా రోడ్డెక్కాల్సిందే. రద్దీ రోజుల్లో తత్కాల్ తెరిచిన నిమిషాల్లోనే బెర్తులు అయిపోతుంటాయి. దీనికి ఒక కారణం బాట్లు.

బాట్ అంటే మనిషికి బదులు వెబ్‌సైట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. దీంతో సీట్లు, ధరల వివరాలు పోగేస్తే అది వెబ్ స్క్రేపింగ్. ఒకే ఐపీ అడ్రస్ నుంచి వరుసగా వందల రిక్వెస్టులు వస్తే సైట్ బ్లాక్ చేస్తుంది. అందుకే ఐపీని మారుస్తూ పోయే రొటేటింగ్ ప్రాక్సీలు వాడతారు.

మరి ఇదొక్కటే సరిపోతుందా? సరిపోదు. ఐపీ మారినా బ్రౌజర్ ఆనవాళ్లు, కుకీలు, లాగిన్ ఐడీ, క్లిక్‌ల వేగం బాట్‌ను పట్టిచ్చేస్తాయి.

తత్కాల్ తొలి 5 నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో 50 శాతం వరకు బాట్లవేనని రైల్వే శాఖ 2025 జూన్‌లో చెప్పింది. యాంటీ బాట్ వ్యవస్థ పెట్టి, 2.5 కోట్ల యూజర్ ఐడీలను డీయాక్టివేట్ చేసింది. జులై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్నవారికే ఆన్‌లైన్ తత్కాల్. ఐపీ ఎన్నిసార్లు మార్చినా ఆధార్ మారదు కదా!

టూర్ ప్లాన్ చేస్తున్నారా? ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే పూర్తి చేసుకోండి. తత్కాల్ బుకింగ్ ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు మొదలవుతుంది.