పడవ తోకకు చిన్న రేకు

హుస్సేన్ సాగర్‌లో స్పీడ్ బోటు ఎక్కినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బయలుదేరిన తొలి క్షణాల్లో ఇంజను ఎంత అరిచినా పడవ ముందుకు పోతున్నట్టే ఉండదు. ముక్కు ఆకాశం వైపు లేస్తుంది. వెనుక కూర్చున్నవాళ్ళు నీళ్ళలోకి దిగిపోతున్నామేమోనని కమ్మీ గట్టిగా పట్టుకుంటారు. అంతలో ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు పడవ చదునై, నీటి మీద జారిపోవటం మొదలుపెడుతుంది. ఆ కొద్ది క్షణాల గట్టును పడవ చేత సులువుగా దాటించటానికి నూటయాభై ఏళ్ళకు పైగా మనుషులు తంటాలు పడుతూనే ఉన్నారు. ఆ కథే ఇది.

అసలు గట్టు ఎందుకు వస్తుంది? నెమ్మదిగా పోయే పడవ నీటిని పక్కకు తోసుకుంటూ, నీటి మీద తేలుతూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ అది లేపే అల పొడవు కూడా పెరుగుతుంది. 16 అడుగుల పడవకు గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగం దగ్గర అల పొడవు, పడవ పొడవు సమానమవుతాయి. ఆపైన పడవ వెనుక భాగం అల గుంటలోకి దిగి, ముక్కు అల ఎక్కుతుంది. అంటే పడవ తాను లేపిన అలనే తాను ఎక్కవలసి వస్తుందన్నమాట! తగినంత శక్తి ఉంటే ఆ అలను దాటి పైకి వస్తుంది. అప్పుడిక దాని బరువును ఎక్కువగా మోసేది వేగంగా వచ్చి అడుగును కొట్టే నీరే. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఈ పెంకు సూత్రాన్ని ఓడకు పట్టించవచ్చునని 1872లో ఇంగ్లండులో ఒక మతగురువు అన్నాడు. ఆయన పేరు చార్లెస్ మీడ్ రామస్. రై పట్టణం పక్కన ప్లేడెన్ చర్చిలో ఉండేవాడు. ఓడ అడుగును నున్నగా కాకుండా, ఒకదాని వెనుక ఒకటిగా రెండు వాలు చెక్కల్లా, మధ్యలో మెట్టుతో కడితే అది నీటిపైకి లేస్తుందని ఆయన నౌకాదళ శాఖకు రాశాడు. వారు విలియం ఫ్రౌడ్‌ను పరీక్షించమన్నారు. ఫ్రౌడ్ సామాన్యుడు కాడు. టార్కీలో తన ఇంటి దగ్గర పొడవాటి నీటితొట్టి కట్టించి, చిన్న నమూనాలను లాగి, పెద్ద ఓడకు ఎంత నిరోధం వస్తుందో లెక్కగట్టే పద్ధతిని స్థిరపరచినవాడు. ఆయన రామస్ నమూనాలను లాగి చూసి, ఆనాటి ఆవిరి యంత్రాలతో ఇది అయ్యే పని కాదని తేల్చాడు. ఆ తీర్పు ఆనాటికి సరైనదే. బాయిలరు, బొగ్గు, నీళ్ళు మోసుకుపోయే ఓడను పైకి లేపే శక్తి అప్పటి యంత్రాలకు లేదు. రామస్ ఆలోచనా తప్పు కాదు. ఇద్దరి మాటా నిజమే అయినా, ఒకరి కాగితాలు అటక ఎక్కాయి. ఆఫీసుల్లో ఫైళ్ళు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు.

తేలికైన పెట్రోలు ఇంజను వచ్చాక కథ మారింది. జాన్ థార్నిక్రాఫ్ట్ 1910లో మిరాండా-4 అనే 26 అడుగుల మెట్టు పడవతో గంటకు 65 కిలోమీటర్ల వేగం సాధించాడు. దాని పోలికలోనే 1916లో బ్రిటిషు నౌకాదళానికి 40 అడుగుల టార్పెడో పడవలు తయారయ్యాయి. వీటిలో టార్పెడోను తోక ముందుగా, పడవ వెనుక నుంచి నీటిలోకి జారవిడిచేవారు. అది అదే దిశలో పడవను తరుముకుంటూ వస్తుంది గనుక పడవ వెంటనే పక్కకు తప్పుకోవాలి. వేగం తగ్గితే తమ ఆయుధమే తమను కొడుతుంది. ఇటువంటి పడవలోనే లెఫ్టినెంట్ అగర్ 1919 జూన్‌లో రష్యా తీరాన ఒలెగ్ అనే యుద్ధనౌకను ముంచి విక్టోరియా క్రాస్ పొందాడు.

ఈ చరిత్రలో మనం ఎదురుచూడని ఒక మనిషి కూడా ఉన్నాడు, లారెన్స్ ఆఫ్ అరేబియా. పేరు మార్చుకుని వైమానిక దళంలో మామూలు సిబ్బందిగా చేరిన లారెన్స్ 1927, 28 సంవత్సరాల్లో కరాచీలోనూ, మీరాన్‌షాలోనూ పనిచేశాడు. తరువాత 1931 ఫిబ్రవరిలో ప్లిమత్ దగ్గర ఒక నీటి విమానం ఆయన కళ్ళెదుటే సముద్రంలో కూలి, అందులోని వారు పలువురు మరణించారు. నీటిని తోసుకుంటూ పోయే పాత లాంచీలు అటువంటి పనికి చాలవని ఆయన పట్టుబట్టాడు. హ్యూబర్ట్ స్కాట్-పెయిన్ కర్మాగారంలో తయారైన, నీటిపైకి లేచి పరిగెత్తే 37 అడుగుల పైచిలుకు కొత్త పడవలను నెలల తరబడి పరీక్షించి, వాటి వాడకం మీద 1932లో చేతిపుస్తకం కూడా రాశాడు. ఎడారి ఒంటెల కన్నా ఈ పడవల పనే గొప్పదని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు ఉండవచ్చు.

ఇక శీర్షికలోని రేకు సంగతి. కట్టిన పడవ అడుగును మళ్ళీ మార్చలేము. కాని అమరం దగ్గర, అడుగుకు ఆనుకుని, కీలు మీద కిందికీ పైకీ వంగే రేకులు రెండు బిగించవచ్చు. వీటిని ట్రిమ్ టాబ్‌లంటారు. రేకును కొద్దిగా కిందికి వంచితే దాని ముందు నీటి ఒత్తిడి పెరిగి పడవ వెనుక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది, గట్టు చిన్నదవుతుంది. బరువు ఒక పక్కకే ఉండి పడవ ఒరిగితే ఆ పక్క రేకు ఒక్కటే దించితే సరిపోతుంది. అమెరికాలోని స్టీవెన్స్ విద్యాసంస్థకు చెందిన డేనియల్ సావిట్స్కీ 1964లో ఇటువంటి పడవల నిరోధాన్ని లెక్కించే సూత్రాలు ప్రచురించారు. 1976లో వార్డ్ బ్రౌన్‌తో కలిసి రేకుల ప్రభావాన్ని కూడా ఆ లెక్కలోకి తెచ్చారు. ముక్కు నాలుగు డిగ్రీల దరిదాపుల్లో లేచి ఉన్నప్పుడు నిరోధం తక్కువని తేలింది. అంతకన్నా దించితే పడవ ముక్కుతో నీటిని దున్నుతుంది, చుక్కాని మాట వినదు. వెనుక నుంచి అలలు తరిమే సముద్రంలో అలా చేస్తే పడవ అడ్డం తిరిగిపోతుంది. అందుకే వేగం అందుకున్నాక రేకును పైకి ఎత్తేయాలి.

చిన్న పడవకు వెనుక తగిలించే ఇంజను ఉంటే, దాని ప్రొపెల్లరు పైనున్న పలకకు రెక్కల్లాంటి ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు. నాలుగు బోల్టుల పని. ప్రొపెల్లరు మార్చటం ఇంకో దారి. మరలు దగ్గరగా ఉన్నది తొందరగా లేపుతుంది కాని చివరి వేగం తగ్గిస్తుంది, లారీ ఫస్టు గేరులాగా.

లేపటమే పనిగా పెట్టుకుంటే ఏమవుతుందో డొనాల్డ్ కాంప్‌బెల్ కథ చెబుతుంది. తన బ్లూబర్డ్ పడవకు ఆయన 1966లో నాట్ యుద్ధవిమానపు ఇంజను అమర్చాడు. 1965 యుద్ధంలో మన వైమానిక దళానికి పేరు తెచ్చిన నాట్ విమానమే అది. కొత్త ఇంజనుతో పడవ సరిగా నడవక, బరువులు అటూ ఇటూ సర్దవలసి వచ్చింది. చివరకు 1967 జనవరి 4న కానిస్టన్ సరస్సులో గంటకు 480 కిలోమీటర్ల దరిదాపు వేగంలో ముక్కు మరీ లేచి, పడవ గాలిలో పల్టీ కొట్టింది. ఆయన దేహం 2001లో గాని దొరకలేదు. సిడ్నీలో కెన్ వార్బీ తన పెరట్లో కట్టుకున్న పడవకు విమానంలో లాగా తోక రెక్క పెట్టి, 1978 అక్టోబరులో 511 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. 2023లో ఆయన మరణించేనాటికీ ఆ రికార్డు అలాగే ఉంది.

ఫ్రౌడ్ తొట్టికి వారసులు మన దగ్గరా ఉన్నాయి. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాలలో 500 మీటర్ల పొడవైన తొట్టి ఉంది. అక్కడా నమూనాలను లాగి నిరోధం కొలవటమే పని.

రేకులూ రెక్కలూ కొనక ముందు ఖర్చులేని ఉపాయం ఒకటుంది. వెనుకనున్న పెట్రోలు డబ్బాలను, మనుషులను కాస్త ముందుకు జరిపితే చాలు, పడవ తొందరగా పైకి లేస్తుంది. ఈసారి బోటు నడిపే అబ్బాయి మనలో కాస్త బొద్దుగా ఉన్నవారిని చూసి “పెద్దాయనా, మీరు ముందుకొచ్చి కూర్చోండి” అంటే, అది మర్యాద కొద్దీ అన్నదేనని మాత్రం అనుకోకండి.