బళ్లారి జిల్లాలో నొక్క యింగ్లీషుబడి



మన ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములు 1953వ సంవత్సరమున కర్నూలు జిల్లాలోఁ జేరినవి. అంతకుముందు నూఱేండ్లకుఁ బైగా నివి బళ్లారి జిల్లాలోనివి. ఆ జిల్లాకుఁ గలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ దొర తెలుఁగు నేర్చినవాఁడు. 1816లో మన భాషకు ఇంగ్లీషున వ్యాకరణమును, 1821లో నిఘంటువును వెలువరించెను. గవర్నరు మన్రో దొర బడుల లెక్క యడుగఁగా, 1823 ఆగస్టులో నితఁడొక నివేదిక పంపెను.

జిల్లా జనము 9,27,857. బడులు 533. చదువువారు 6,641 మంది మాత్రమే. కన్నడపు బడులు 235, తెలుఁగుబడులు 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవబడులు 4. బ్రాహ్మణులకు సంస్కృత శాస్త్రములు చెప్పునవి 23. ఇంగ్లీషు చెప్పు బడి యొక్కటే! కన్నడము తెలుఁగును మించుట చూచి దూరపువారు వింతపడుదురేమో కాని, సంతలో రెండు భాషలును వినుచుఁ బెరిగిన మనకది వింత కాదు.

ఆ దొర రెండు సంగతులు గట్టిగాఁ జెప్పెను. సీమగుడ్డలు వచ్చి దేశపు నూలుబట్టలను ద్రోయఁగా, చేతిపనివారికి జీవనము సన్నగిల్లి పిల్లలను బడికిఁ బంపు శక్తి తగ్గెనఁట. ఎమ్మిగనూరు మగ్గములవారికి దీనిని వివరింపఁ బనిలేదు. మాచాని సోమప్పగారు 1938లో నచ్చట నేఁతగాండ్ర సహకార సంఘమును స్థాపించుటకు వెనుక నున్న కష్టమిట్టిదే. రెండవది, మన పిల్లలు పద్యములను చిలుకలవలె నప్పగింతురు గాని వాని యర్థ మెఱుఁగరనుట. అమరకోశము వల్లించి పెరిగిన నాకీమాట చదివినపుడెల్లఁ గోపము వచ్చెడిది.

కొన్నియేండ్ల క్రిందట నొక నేఁతవారి పిల్ల, నా పూర్వశిష్యురాలు, వచ్చి "అయ్యవారూ, అమెరికా చదువుకు జీ.ఆర్.ఈ. పరీక్ష వ్రాయవలె, ఇంగ్లీషుమాటలు నిలుచుటలేదు" అనెను. అమరము చదివినట్లే పర్యాయపదములను గుంపుకట్టి వల్లింపుమంటిని. పట్టికలు నేనే వ్రాసి యిచ్చితిని. 'ఫ్రూగల్', 'మైజర్లీ' అను రెంటికిని ఎదురుగా 'పిసినారి' యనియే వ్రాసితిని. ఆమె వేయిమాటలు నేర్చెను. పరీక్షలో మార్కులు తక్కువే వచ్చెను.

తప్పు నాది. ఆ పరీక్షలో వ్యతిరేకపదముల ప్రశ్నలు 2011లోనే పోయినవి. ఇప్పుడు వాక్యములోని ఖాళీకిఁ దగిన మాటను బట్టవలెను. ఆఱు మాటలలో వాక్యార్థ మొక్కటిగా వచ్చు రెండింటి నేఱవలసిన ప్రశ్నలును గలవు. పొదుపరిని పిసినారిగా నెంచినవాఁడు అచ్చట దిగఁబడును. క్యాంబెల్ చెప్పిన చిలుక పిల్లలలో లేదు. గురువు కుర్చీలోఁ గూర్చున్నది.

1852 నాఁటి బ్రౌను నిఘంటువు నా పెట్టెలో నలువదియేండ్లుగా నున్నది. మాటకు మాట యిచ్చి యూరకుండక, ఆయన కవుల ప్రయోగములు చూపెను. ఆ గ్రంథమును నిత్యము తిరుగవేసియు నేను దాని పద్ధతిని గమనింపనైతిని. అటుపిమ్మట మేము పట్టికలు మాని, ఇంగ్లీషు పత్రికనుండి దినమునకొక పుట చదివి, క్రొత్తమాటకెల్ల నామెచేతనే యొక వాక్యము వ్రాయించితిమి.

'ఫ్రూగల్' అను మాటకు ఆమె ఇంగ్లీషున వ్రాసిన వాక్యమునకుఁ దెలుఁగిది: "మా అవ్వ తెగిన పోగును గూడ ముడివేసి దాఁచును, ఆమెను పిసినారి యనువారు మా యింట నన్నము తినినవారు కారు."