నార్మండీ తీరపు అడ్డంకులు

రెండవ ప్రపంచ యుద్ధంలో, మిత్రరాజ్యాల సేనలు సముద్రం మీదుగా దిగకుండా ఉత్తర ఫ్రాన్స్ ఇసుక తీరాల్లో జర్మన్లు నిలబెట్టిన ఉక్కు, కొయ్య, కాంక్రీటు అడ్డంకులివి.

1942 మార్చిలో హిట్లర్ జారీచేసిన 40వ ఆదేశంతో ‘అట్లాంటిక్ గోడ’ పని ఊపందుకుంది. పేరుకే గోడ. రేవు పట్టణాల దగ్గర దిట్టంగా, మిగతాచోట్ల పలచగా ఉండేది. 1943 చివర్లో తనిఖీకి వచ్చిన ఫీల్డ్ మార్షల్ రోమెల్‌కు అది నచ్చలేదు. శత్రువు ఒడ్డెక్కాడంటే అతని విమానాల కింద జర్మన్ ట్యాంకులు కదలలేవు కాబట్టి, నీళ్ళ అంచునే ఆపాలని ఆయన పట్టుబట్టాడు. పైఅధికారి రుండ్‌స్టెట్‌కు ఆ నమ్మకం లేదు.

సరుకు చాలావరకు పాతదే. ఉక్కు దూలాలను మూడేసి చొప్పున అడ్డంగా బిగించిన ‘ముళ్ళపందులు’ చెకొస్లొవేకియా సరిహద్దు కోటల నుంచి, ఎత్తైన ఉక్కు గేట్లు బెల్జియం నుంచి వచ్చాయి. కొయ్య గుంజలు పాతడానికి తడి ఇసుకలో గొయ్యి తవ్వితే వెంటనే పూడిపోయేది. అగ్నిమాపక గొట్టాలతో నీళ్ళు చిమ్మి ఇసుకను కరిగిస్తే గుంజ నిమిషాల్లో దిగిపోయింది. కొన్నిటి కొనకు మందుపాతర కట్టారు. అవి నేలమీద వాడేందుకు చేసినవి, ఉప్పునీటికి తుప్పుపట్టేవి.

ఈ ఏర్పాటంతా ఒక ఊహ మీద నిలబడింది: ఆరుబయట నడక తగ్గుతుంది గనుక శత్రువు నిండు పోటులో వస్తాడని. పడవల అడుగులు చీరే ఎత్తులో, నీళ్ళలో మునిగి ఉండేలా వరసలు కట్టారు. అయితే పాటు వేళ తీసిన విమాన ఫోటోల్లో ఆ వరసలన్నీ బయటపడ్డాయి. దాంతో మిత్రసేనలు పాటు ముగిసి పోటు మొదలయ్యే వేళనే ఎంచుకున్నాయి. ఆ పాటు తెల్లవారిన కాసేపటికి రావాలి, ముందురాత్రి పారాచూట్ దళాలకు వెన్నెల ఉండాలి. 1944 జూన్‌లో రెండూ కలిసిన రోజులు 5, 6, 7 మాత్రమే. తుపాను వల్ల 5 పోయి 6 ఖాయమైంది.

అమెరికన్ సేనలు దిగిన యూటా తీరంలో ఇంజనీర్లు ఆ ఉదయమే దారులు తెరిచారు. ఆ సేనలే దిగిన ఒమాహా తీరంలో కథ వేరు. 16 దారులు తెరవాలనుకుంటే మొదటి విడతలో ఐదారే కుదిరాయి. మందు అమర్చిన ముళ్ళపందుల వెనకే సైనికులు గుండ్లకు భయపడి దాక్కోవడంతో చాలాచోట్ల పేల్చే వీలు చిక్కలేదు. ఈలోగా పోటు ముంచెత్తింది. అక్కడి నౌకాదళ పేల్చివేత బృందాల్లో సగానికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. ఒమాహాలో మాత్రం ఎదుటి గుట్టల మీద మరతుపాకులు కాపుకాశాయి. బ్రిటిష్ సేనలు దిగిన గోల్డ్ తీరంలో ఈదురుగాలి నీటిని అనుకున్న వేళకన్నా ముందే పైకి నెట్టింది.

తీరం దాటాక అమెరికన్ ట్యాంకులకు నార్మండీ పొలాల మట్టిగట్లు, వాటి మీది దట్టమైన పొదకంచెలు అడ్డొచ్చాయి. సార్జెంట్ కర్టిస్ క్యులిన్ ట్యాంకు ముందు ఉక్కు కోరలు బిగించి వాటిని చీల్చే ఉపాయం చూపాడు. జనరల్ బ్రాడ్లీ ఆదేశంతో జూలై చివరి దాడికి ముందు వందల ట్యాంకులకు ఆ కోరలు అతికించారు. వాటికి కావలసిన ఉక్కు ఒడ్డున పడి ఉన్న జర్మన్ అడ్డంకులను కోసి తెచ్చినదే.