క్యాబేజి తెగులు నుండి భూగర్భ గొట్టము వరకు

నది అడుగున గొట్టము వేయుటకు నేడు నీటిని మళ్ళించి కందకము త్రవ్వవలసిన పని లేదు. ఒక ఒడ్డున తొలుచు యంత్రమును నిలిపి, దాని మొనను వంపుగా నేలలోనికి దింపి, ఆవలి ఒడ్డున పైకి తేల్చుదురు. పిమ్మట ఆ బిలమును వెడల్పు చేసి, దానిగుండ గొట్టమును వెనుకకు లాగుదురు. 1971లో మార్టిన్ చెరింగ్టన్ అను అమెరికను కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ దగ్గర పాహరో నది క్రింద ఈ విధముగా గొట్టమును వేసెను.

ఈ పనిలో జయము యంత్రబలముతో మాత్రమే కలుగదు. బిలములో నింపు బురద కూడ సరిగా ఉండవలెను. తొలిచిన మట్టిని అది బయటికి మోయవలెను. బిలపు గోడలు కూలకుండ కాపాడవలెను. బండి ఇరుసునకు కందెనవలె గొట్టమునకు రాపిడి తగ్గింపవలెను. పారునపుడు అది పలుచగా ఉండవలెను, ఆగిన వెంటనే చిక్కబడవలెను. చిక్కబడనిచో ఇసుక అడుగునకు దిగి గొట్టమును బిగించివేయును. పారునపుడును చిక్కగానే ఉన్నచో పంపు ఒత్తిడి పెరిగి, బురద నేలను చీల్చుకొని నదిలోనికి పొంగును. ఈ విరుద్ధ గుణములు రెండును ఒకే ద్రవమున ఎట్లు కుదురును?

ఈ ప్రశ్న మొదట నూనె బావులవారికి ఎదురయ్యెను. టెక్సస్ రాష్ట్రమందలి స్పిండిల్‌టాప్ వద్ద బావి తొలుచువారికి ఇసుక పొరలు తగిలి, బిలము నిలువలేదు. వారు పశువులచే ఒక కుంటను త్రొక్కించి, ఆ బురదను బావిలోనికి పంపిరని చెప్పుదురు. 1901 జనవరి 10న ఆ బావినుండి నూనె ఎగజిమ్మెను. తరువాతి కాలమున మామూలు మట్టికి బదులు బెంటొనైట్ వాడుకలోనికి వచ్చెను. అగ్నిపర్వతపు బూడిదనుండి ఏర్పడిన ఈ బంకమన్ను నీటిలో బాగుగా ఉబ్బును. కదలించిన పలుచబడును, నిలిపిన గడ్డకట్టును. అయితే ఉప్పునీటిలో అది సరిగా ఉబ్బదు. ముతక ఇసుకను, గులకరాళ్ళను మోయుటకు దానిబలము ఒక్కటే చాలదు.

ఈ లోటును తీర్చిన పదార్థము బురదకొరకు వెదకినది కాదు. ఇల్లినాయ్ రాష్ట్రమున పియోరియా నగరమందలి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల మిగులు మొక్కజొన్నకు క్రొత్త ఉపయోగములను అన్వేషించుచుండెను. అచ్చట అలీన్ జీన్స్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును చక్కెరలను బంకగా మార్చు సూక్ష్మజీవులను పరీక్షించుచుండిరి. 1950 దశకమున వారి దృష్టి ‘జాంథోమోనాస్ కంపెస్ట్రిస్’ అను బాక్టీరియాపై నిలిచెను. క్యాబేజి ఆకుల ఈనెలను నల్లబరచి కుళ్ళించునది ఇదియే. మొక్కజొన్న పిండినుండి తీసిన గ్లూకోజును మేపగా, ఇది కొలది దినములలోనే చిక్కని బంకను తయారుచేసెను. దీనికే జాంథన్ అని పేరు. 1960 దశకమున ఇది కర్మాగారములలో తయారు కాసాగెను. 1969లో అమెరికా ప్రభుత్వము దీనిని ఆహారపదార్థములలో వాడుటకును అనుమతించెను.

జాంథన్ అణువులు పొడవైన, బిరుసైన కడ్డీలవంటివి. ద్రవము నిలిచియున్నపుడు ఇవి ఒకదానితో నొకటి చిక్కుకొని వలవలె ఏర్పడి ఇసుకరేణువులను పట్టి ఉంచును. ద్రవము పారునపుడు వల విడిపోయి, కడ్డీలు ప్రవాహదిశకు తిరుగును. ఆగిన వెంటనే వల మరల అల్లుకొనును. నూరుపాళ్ళ నీటికి ఒక పాలుకంటె తక్కువ జాంథన్ కలిపినను ఈ గుణము కనిపించును. ఉప్పునీటిలోను ఇది చెడదు. కావుననే బెంటొనైట్ బురదకు దీనిని తోడుచేయుదురు. టమాటా సాస్ సీసాను కుదిపి, పిదప నిలిపి చూపినచో తరగతిలోని విద్యార్థులకు ఈ గుణము సులభముగా బోధపడును.

దీనికి ఒక బలహీనత కలదు. సూక్ష్మజీవి తయారుచేసిన ఈ బంకను ఇతర సూక్ష్మజీవులు తినివేయగలవు. బురదను చాలదినములు నిలువ ఉంచినచో అది పలుచబడి, పని మధ్యలో మోసము చేయును. అయితే పని ముగిసిన పిదప ఈ బలహీనతయే మేలగును; నేలలో మిగిలిన బంక కాలక్రమమున నశించును.

మన రైతుల నిమ్మతోటలను పీడించు గజ్జి తెగులు కూడ ఈ జాంథోమోనాస్ జాతి పనియే. క్యాబేజి తోటలో ఆకులను కుళ్ళించు క్రిమి తయారుచేయు బంకయే నది అడుగున గొట్టమునకు దారిచ్చుచున్నది. తెగులును నివారించుటతో ఆగక, ఆ క్రిమి ఏమి తయారుచేయుచున్నదని అడిగినందుననే ఈ ఉపకారము లభించినది.