ఆ కింది వరుస చదవండి

కంట్లో చుక్కలు వేయించుకుని గంటల తరబడి మసకలో కూర్చోవాలి. ముక్కు మీద బరువైన ట్రయల్ ఫ్రేమ్ మోయాలి. ప్రెషర్ చూసే యంత్రం కంటి మీదికి ఉఫ్‌మని గాలి కొడితే ఉలిక్కిపడాలి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. పరువు తీసేది మాత్రం ఎదుటి గోడ మీది అక్షరాల చార్టు. నాలుగో వరుసకు వచ్చేసరికి ఎంతటి పెద్దమనిషైనా పాఠం అప్పజెప్పలేని పిల్లాడైపోతాడు.

జంషెడ్‌పూర్‌లో ఈ చికాకుకు ఇంకో మెలిక ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి కదమా, సోనారీల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడున్నాయి. ఆ ఇళ్లలోని పెద్దావిడలు ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ గడగడా మాట్లాడతారు. చదువు మాత్రం చాలామందికి ఏ లిపిలోనూ లేదు. మగవాళ్లకు ఉద్యోగంలో చేరేటప్పుడే మెడికల్ అవుతుంది కాబట్టి చార్టుతో పరిచయం పాతది. ఆడవాళ్లకు ఆ పరిచయం అరవైలో పడుతుంది, అదీ వంటింటి పుణ్యమా అని. ఏరిన బియ్యంలోంచే పంటి కింద రాయి తగులుతుంది. జీలకర్ర డబ్బాకు బదులు సోంపు డబ్బా చేతికొస్తుంది. సూదిలో దారానికి మనవణ్ని బతిమాలుకోవాలి. అప్పుడు బిష్టుపూర్‌లోనో సాక్చీలోనో కళ్లజోళ్ల దుకాణానికి తీసుకెళతారు. "పఢియే, మాజీ" అంటాడు కుర్రాడు. "ఏటీ కనబడ్నేదు బాబూ" అంటుంది ఆవిడ. కనబడలేదా, చదవడం రాదా? ఆ రెంటి మధ్యనే పవరు తారుమారవుతుంది.

ఈ తగువు చార్టు పుట్టినప్పటిదే. 1830ల్లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో హైన్రిఖ్ కూఖ్లర్ అనే వైద్యుడు క్యాలెండర్లు, పుస్తకాలు, పత్రికల్లోంచి ఫిరంగులు, తుపాకులు, పక్షులు, వ్యవసాయ పనిముట్ల బొమ్మలు కత్తిరించి, పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా అతికించాడు. బొమ్మ బొమ్మకూ పోలిక లేదు, కొలత కుదరలేదు. 1843లో అక్షరాలకు మారాడు. 1854లో వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ అక్కడి ప్రభుత్వ ముద్రణాలయంలో దొరికే రకరకాల సైజుల అచ్చుతో దగ్గర చూపు కోసం చిన్న చిన్న పేరాలు అచ్చు వేయించాడు. చత్వారం పరీక్షలో చేతికిచ్చే అట్ట మీద జే1, జే2 అని కనిపిస్తే ఆ 'జే' ఆయన ఇంటిపేరు (Jaeger) లోదే.

అసలు లెక్క కట్టినవాడు హాలండ్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్. యుట్రెక్ట్‌లో డాండర్స్ అనే వైద్యుడు నడిపిన కంటి ఆసుపత్రిలో పనిచేస్తూ 1862లో తన చార్టు వెలువరించాడు. మొదట ఆయన వాడింది అక్షరాలు కాదు, చతురస్రాలు, వలయాలలాంటి గుర్తులు. కనిపిస్తున్నదేమిటో రోగులు మాటల్లో చెప్పలేకపోయేసరికి అక్షరాలకు దిగాడు. నిలువుగా అయిదు గళ్లు, అడ్డంగా అయిదు గళ్లు, గీత మందం ఒక గడి. ఆరు మీటర్ల దూరం నుంచి ఆరోగ్యమైన కన్ను పోల్చుకోవాల్సిన అక్షరం ఎత్తు దాదాపు 8.7 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా పైన ఉండే అక్షరం దానికి పది రెట్లు. మీ చీటీ మీద 6/60 అని ఉంటే, మంచి చూపున్నవాళ్లు అరవై మీటర్ల నుంచి పోల్చుకునేదాన్ని మీరు ఆరు మీటర్ల నుంచి పోల్చుకున్నారన్నమాట. ఆరు మీటర్ల గది ఏ దుకాణంలో ఉంటుంది? అందుకే చార్టు నెత్తి మీద కుడి ఎడమలు తారుమారైన అక్షరాలతో పెట్టి, ఎదుట అద్దంలో చూపిస్తారు.

ఆ అయిదు గళ్లలో నిలువు గీతల ఇంగ్లిషు అక్షరాలు ఒద్దికగా ఇముడుతాయి. మన అక్షరాలన్నీ వంపులే. 'ద'కూ 'ధ'కూ తేడా ఓ చిన్న గీత. చార్టులో ఒక వరుసలోని అక్షరాలన్నీ ఒకే స్థాయి కష్టంతో ఉండాలంటే తెలుగులో ఏరుకోవడం తేలిక కాదు. జంషెడ్‌పూర్‌లోనైతే హిందీ, బెంగాలీ, ఒడియా, తెలుగు, పంజాబీ, వీటికి తోడు 1925లో పండిత రఘునాథ్ ముర్ము సంతాలీకి రూపొందించిన ఓల్ చికి లిపి. ఎన్ని చార్టులని గోడకు తగిలిస్తారు!

దీనికి విరుగుడు వెనకటి నుంచీ ఉంది. మూడు కొమ్ముల ఇంగ్లిషు 'ఈ' (E) అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి అచ్చు వేస్తారు. కొమ్ములు ఎటున్నాయో వేళ్లతో చూపిస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు. 1888లో ఎడ్మండ్ లాండోల్ట్ అంచున చిన్న సందున్న వలయంతో ఇదే పని చేశాడు. స్నెల్లెన్ వదిలేసిన గుర్తులే మళ్లీ వచ్చాయి, ఈసారి పేరు అడక్కుండా దిక్కు అడుగుతూ. నా మట్టుకు ఇదే అసలైన కంటి పరీక్ష. అక్షరాల చార్టులో సగం చదువు పరీక్ష.

ఇక "ఇదా? అదా?" అని అద్దాలు తిప్పే ఘట్టం. మనలో చాలామంది తప్పు చెబుతామేమోనని చెమటలు కక్కేది ఇక్కడే. దీని మూలం అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ జాక్సన్ 1887లో వివరించిన క్రాస్ సిలిండర్. అడ్డానికీ నిలువుకీ వేర్వేరు పవరు కావలసిన కంటికి పెట్టే సిలిండర్ అద్దం అంతకన్నా పాతది. ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఏరీ 1825లో తన కంటి లోపానికి తనే లెక్క కట్టి చేయించుకున్నాడు. ఆ తిప్పడంలో తంటా ఏమిటంటే, చివరికి రెండూ ఒకేలా కనిపించేదాకా తిప్పాలనే పరీక్షకుడు చూస్తాడు. కాబట్టి "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అని బెదురుతూ చెప్పక్కర్లేదు. చాలాసార్లు అక్కడ కావలసిన జవాబు అదే.

చదువు రాని అమ్మనో అత్తనో ఈసారి తీసుకెళ్లేటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టకముందే కొమ్ముల చార్టు ఉందా అని అడగండి. దగ్గర చూపుకు కూడా అలాంటి అట్ట కావాలనండి. ఇంటి నుంచి గుప్పెడు బియ్యం, ఒక సూది, దారం పొట్లం కట్టుకెళ్లండి. కొత్త అద్దాలు పెట్టి చూపించగానే ఆవిడ చేత అక్కడే ఏరించండి, దారం ఎక్కించండి. డబ్బులు ఆ తరవాతే కట్టండి.