అంగారకవాసులు దిగిన రాత్రి

రేడియో ఎదుట కూర్చున్న మనిషికి చెవి తప్ప వేరు సాక్షి లేదు. వార్తాపత్రికనైతే వెనుకకు తిప్పి చదువుకోవచ్చును, పొరుగింటాయనకు చూపి, “ఇది నిజమేనంటారా?” అని అడగవచ్చును. రేడియోలో పలికిన మాట పలికిన క్షణమందే గాలిలో కలిసిపోతుంది. ఈ సంగతి రేడియో పుట్టిన తొలినాళ్ళలోనే బ్రిటనులో ఒకాయన వలన బయటపడినది.

ఆయన పేరు రోనాల్డ్ నాక్స్. కాథలిక్ మతగురువు, అపరాధపరిశోధక నవలలు కూడా వ్రాసేవాడు. 1926 జనవరి 16వ తేదీ రాత్రి ఎడింబరో నుండి బి.బి.సి.లో ఒక వినోదప్రసంగం చేసినాడు. లండనులో నిరుద్యోగులు తిరుగబడ్డారనీ, జాతీయ చిత్రశాలను కొల్లగొట్టినారనీ, పార్లమెంటు గడియారస్తంభం ఫిరంగి దెబ్బలకు కూలినదనీ వార్తలు చదివే ధోరణిలో చెప్పి, నడుమనడుమ నృత్యసంగీతం వినిపించినారు. గుంపునకు నాయకుడెవరయ్యా అంటే, నాటకశాలల ముందు జనాన్ని బారులు తీర్చే పద్ధతి పోవాలని పోరాడే సంఘానికి కార్యదర్శి! ఇది హాస్యమని ముందుగానే ప్రకటించినారు కూడా. అయినా నమ్మినవారు నమ్మినారు. పైగా ఆ వారాంతమున మంచు కురిసి, మరునాటి పత్రికలు అనేక పల్లెలకు వేళకు చేరలేదు. పత్రిక రాకపోవడమే లండను నాశనమైనదనడానికి రుజువైపోయినది.

పన్నెండేళ్ళ తరువాత అమెరికాలో జరిగినది ఇంతకంటె ప్రసిద్ధమైనది. 1938 అక్టోబరు 30, ఆదివారం రాత్రి. ఆర్సన్ వెల్స్ అనే ఇరువది మూడేళ్ళ నటుడు సి.బి.ఎస్. వారి కేంద్రం నుండి ఒక నాటకం ప్రసారం చేసినాడు. మూలం హెచ్. జి. వెల్స్ 1898లో ప్రచురించిన నవల. (ఇద్దరి పేర్లూ మన చెవికి ఒకటిగానే వినిపిస్తవి గాని, వారికి బంధుత్వమేమీ లేదు.) అంగారకగ్రహవాసులు భూమి మీద దండెత్తుట అందులోని కథ. నాటకకర్త హోవర్డ్ కోక్ కథాస్థలాన్ని ఇంగ్లండు నుండి న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే పల్లెకు మార్చినాడు. నృత్యసంగీతం సాగుతూ ఉండగా దానిని ఆపి వార్త చెప్పడం, మళ్ళీ సంగీతం, మళ్ళీ వార్త: ఇదీ ఎత్తుగడ. విలేఖరి పాత్ర ధరించిన నటుడు 1937లో హిండెన్‌బర్గ్ వాయునౌక కాలిపోయినప్పుడు చేసిన వ్యాఖ్యానపు రికార్డును పదేపదే విని ఆ గొంతుకలోని వణకును పట్టుకొన్నాడు. ప్రభుత్వ కార్యదర్శిగా మాట్లాడిన నటుని కంఠం అచ్చముగా రూజ్‌వెల్టు కంఠమే. అంతకు నెలరోజుల క్రితమే మ్యూనిక్ సంక్షోభమప్పుడు కార్యక్రమాలను ఆపి ఆపి యుద్ధవార్తలు చెప్పినారు. శ్రోతల చెవులు అందుకు అలవాటుపడి ఉన్నవి. కనుక ఆలస్యంగా రేడియో పెట్టినవారిలో కొందరు నిజమేననుకొన్నారంటే వారిని మరీ మూఢులనరాదు. వారిలో కొందరు అంగారకవాసులను నమ్మనే లేదు; జర్మనులు వచ్చిపడినారనుకొన్నారు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు హాడ్లీ కాంట్రిల్ శ్రోతలను ప్రశ్నించి 1940లో ఒక గ్రంథం ప్రకటించినాడు. నా మట్టుకు అందులో భయపడినవారి సంఖ్య కంటె వారు నిజానిజాలు విచారించుకొన్న తీరు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. కొందరు రేడియో మర త్రిప్పి మరొక కేంద్రం విన్నారు; అక్కడ మామూలు కార్యక్రమం సాగుతున్నది. కొందరు పత్రికలో అచ్చయిన కార్యక్రమపట్టిక తీసి చూచినారు. ఆ వేళకు నాటకమని ఉన్నది. ఇటువంటి పత్రికను చేతిలో పట్టుకొని ఉన్న పాఠకులకు ఆ పట్టిక విలువ నేను వేరుగా చెప్పనక్కరలేదు. మరికొందరు కదలకుండానే, ఇంత యుద్ధం ఇన్ని నిమిషాలలో ఎట్లా జరుగుతుందని లెక్క వేసుకొన్నారు.

ఇక మూడవ తెగవారున్నారు. వీరూ సందేహించినారు. లేచి కిటికీలోనుండి చూచినారు. ఒకరికి వీధి నిండా కార్లు కనబడినవి: జనం పారిపోతున్నారనుకొన్నారు. మరొకరికి ఒక్క కారూ కనబడలేదు: రోడ్లు ధ్వంసమైనవి గనుక రావడం లేదనుకొన్నారు. ఇంకొకరికి అంతా ఎప్పటివలెనే ఉన్నది: శత్రువు ఇంకా మా పేటకు చేరలేదనుకొన్నారు. వీధిలో ఏది కనబడితే తమ నమ్మకం సడలేదో వీరెవ్వరూ ముందుగా అనుకొని కిటికీ దగ్గరకు వెళ్ళలేదు. సందేహం కలగడం వేరు, దానిని తీర్చుకొనే పద్ధతి తెలియడం వేరు.

మరునాడు ఉదయం పత్రికలు విజృంభించినవి. దేశమంతా అల్లకల్లోలమైనదనీ, జనం ఇళ్ళు విడిచి పరుగులెత్తినారనీ పెద్ద అక్షరాలలో వ్రాసినవి. పత్రికలకు రేడియో మీద పాత కక్ష ఉన్నది. ఆర్థికమాంద్యపు రోజులలో ప్రకటనల రాబడి రేడియోకు తరలిపోతూ ఉంటే, 1933 డిసెంబరులో న్యూయార్కులోని బిల్ట్‌మోర్ హోటలులో రేడియోవారిచేత ఒక ఒడంబడిక చేయించుకొన్నారు. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు మాత్రమే వార్తలు చెప్పవలెను. అవి కూడా పత్రికలు వెలువడిన తరువాతనే! ఆ ఒడంబడిక ఎంతోకాలం నిలువలేదు. రేడియో నమ్మదగినది కాదని చాటడానికి పత్రికలకు ఈ నాటకం వెదకబోయిన తీగవలె కాలికి తగిలినది.

ఆ అల్లకల్లోలం ఎంత? ఆ రాత్రే శ్రోతల సంఖ్యను అంచనా వేసే ఒక సంస్థ దాదాపు 5,000 ఇళ్ళకు టెలిఫోను చేసి అడిగితే, ఈ నాటకం వింటున్నామన్నవారు నూటికి ఇద్దరు. పెక్కుమంది అదే వేళకు మరొక కేంద్రంలో ఎడ్గార్ బెర్గన్ హాస్యకార్యక్రమం వింటున్నారు. కాంట్రిల్ మాత్రం అరువదిలక్షల మంది విన్నారనీ, పదిలక్షల మందికి పైగా కలతపడినారనీ అంచనా కట్టినాడు. అది ఆరు వారాల తరువాత, పత్రికల గోల అంతా అయిన మీదట, జనాన్ని అడిగి కట్టిన లెక్క. వివరంగా ప్రశ్నించిన 135 మందిలో నూరుగురికి పైగా భయపడినవారని తెలిసి ఎంచుకొన్నవారే. భయపడినవారు లేకపోలేదు, వారి ఉత్తరాలు నేటికీ భద్రంగా ఉన్నవి. కాని భయంతో ఎవరైనా చనిపోయినట్లు రుజువు లేదు. జాతి యావత్తూ వీధిన పడినదన్న కథ రేడియోది కాదు, పత్రికలది. రేడియో విన్నవారి అమాయకత్వాన్ని చూచి నవ్విన తరాలవారందరూ ఆ పత్రికల మాటను విచారించకుండానే నమ్మినారు.

తరువాతి కాలంలో దీనికి మరొక కొమ్మ మొలిచినది. కాంట్రిల్ పరిశోధనకు రాక్‌ఫెల్లర్ సంస్థల ధనసహాయం ఉన్నమాట నిజం. దానినే పట్టుకొని, అసలు ఆ నాటకమే జనం మనస్సులను పరీక్షించడానికి ధనికులు రహస్యంగా పన్నిన పన్నాగమని కొందరు వాదించినారు. నిజమైన ఒక దారానికి ఊహలను గుచ్చినందువలన ఆ దండ అందంగానే కనబడుతుంది. కాని నాటకం తయారైన తీరు చూడండి. ఆ వారం మధ్యలో అభ్యాసం విని, ఇది చప్పగా ఉన్నదని బృందంవారే నిరాశపడినారు. వార్తల ధోరణికి పదును పెట్టినది ఆ తరువాతనే. నిజమైన సంస్థల పేర్లు ఉండరాదని సి.బి.ఎస్. వారు పట్టుబట్టి అనేక మార్పులు చేయించినారు. జనాన్ని మోసగించి పరీక్షించదలచినవాడు తన కత్తిని తానే మొద్దుబారుస్తాడా? కాని పన్నాగవాదికి ఇది కూడా కిటికీలోని దృశ్యమే. మార్పులు చేయించకపోతే కుట్ర, చేయిస్తే కుట్రను కప్పిపుచ్చుట!

అమెరికా ప్రభుత్వసంఘం విచారించి ఎవరికీ శిక్ష వేయలేదు. వార్తల రూపంలో కల్పనలు ఇకమీదట చేయబోమని సి.బి.ఎస్. మాట ఇచ్చినది.

దక్షిణ అమెరికాలో ఆ మాట ఇచ్చినవారెవరూ లేరు. 1949 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి ఈక్వడార్ రాజధాని కీటోలో, అక్కడి రేడియో కేంద్రం ఇదే కథను తమ దేశానికి మార్చి ప్రసారం చేసినది. ముందుగా నాటకమని శ్రోతలకు తగినట్లు తెలుపలేదు. జనం వీధులలోకి వచ్చినారు. జరిగినది నాటకమని తెలిసిన తరువాత వారి భయం కోపంగా మారినది. ఆ కేంద్రం ‘ఎల్ కొమర్సియో’ అనే పత్రికవారిది. రెండూ ఒకే భవనంలో ఉండేవి. జనం రాళ్ళు రువ్వి ఆ భవనానికి నిప్పంటించినారు. లోపల పనివారు, నటులు చిక్కుకొన్నారు. కొందరు పైఅంతస్తులనుండి దూకినారు. కనీసం ఆరుగురు చనిపోయినారు. మరునాటి ఉదయం నిజమేమిటో కీటో ప్రజలకు అచ్చు వేసి చెప్పవలసిన యంత్రాలు కూడా ఆ మంటలలోనే పోయినవి.