వెన్నుపాములోని చాలక నాడీకణాలు: పుట్టుక, మనుగడ, కండరాలపై అదుపు

మహారాష్ట్రలోని భివండీ పట్టణంలో కామత్‌ఘర్ ప్రాంతం సాంచెల చప్పుడుకు పెట్టింది పేరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అనేకం భివండీలో స్థిరపడ్డాయి. సాంచెపై తెగిన పోగును వేళ్ళతో పట్టి ముడివేయడం అక్కడి కార్మికునికి క్షణంలో పని. ఆ క్షణంలో వేళ్ళను కదిలించేవి వెన్నుపాములోని చాలక నాడీకణాలు. వీటినే మోటార్ న్యూరాన్లు అంటారు. తెగిన పోగును ముడివేయవచ్చును గాని, నశించిన చాలక నాడీకణం మళ్ళీ పుట్టదు. కావున వీటిని గురించి ప్రతి కుటుంబమూ కొంత తెలుసుకోవడం అవసరం.

గర్భంలో పుట్టుక

గర్భం దాల్చిన నాలుగు వారాలలోపే పిండం వీపు భాగంలో ఒక పలుచని పొర గొట్టంగా ముడుచుకుంటుంది. మెదడు, వెన్నుపాము దీని నుండే రూపొందుతాయి. గొట్టం అడుగు నుండి వెలువడే ఒక ప్రోటీను ప్రభావం వలన, దానికి చేరువలోని కణాలు కొన్ని చాలక నాడీకణాలుగా మారుతాయి.

గొట్టం సరిగా మూసుకొనడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలిసేసరికే ఈ ఘట్టం ముగిసిపోతుంది. అందువలన గర్భధారణకు ముందు నుండే ఆ మాత్రలు వాడమని వైద్యులు సూచిస్తారు. 1940వ దశకంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథ్యం వహించినవారు, 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సగం కణాలే మిగులుతాయి

పిండంలో అవసరానికి మించి చాలక నాడీకణాలు పుడతాయి. ప్రతి కణమూ ఆక్సాన్ అనే పొడవాటి తంతువును కండరం వైపు పంపుతుంది. పెద్దవారిలో వెన్నుపాము నుండి పాదం వరకు సాగే తంతువు దాదాపు ఒక మీటరు ఉంటుంది. కండరాన్ని చేరిన కణాలకు అక్కడి నుండి మనుగడకు తోడ్పడే ప్రోటీన్లు అందుతాయి. అవి చాలినంతగా అందని కణాలు పుట్టుకకు ముందే నశిస్తాయి. ఈ విధంగా సుమారు సగం కణాలు రాలిపోవడం సహజమే. కోడిగుడ్డులోని పిండంలో రెక్క మొలకను తొలగిస్తే, ఆ వైపు వెన్నుపాములో చాలక కణాలు తగ్గిపోతాయని విక్టర్ హాంబర్గర్ 1934లో చూపించారు.

కండరం కణాన్ని నిలుపుతుంది. కణం కండరాన్ని నడుపుతుంది. ఏ ఒక్కటి దెబ్బతిన్నా రెండవది క్షీణిస్తుంది.

కండరానికి ఆజ్ఞ

ఒక చాలక కణమూ, దాని అధీనంలోని కండర పోగులూ కలిసి ఒక జట్టు. కంటిని తిప్పే కండరాలలో ఒక్కొక్క జట్టుకు కొద్ది పోగులే ఉంటాయి. పిక్క కండరంలో వేయికి పైగా ఉండవచ్చును. అందుకే కన్ను సున్నితంగా కదులుతుంది, పిక్క బలంగా తోస్తుంది. తేలిక పనికి మొదట చిన్న కణాలు, బరువు పెరిగిన కొద్దీ పెద్ద కణాలు రంగంలోకి దిగుతాయి. పోగు ముడివేయడానికి చిన్నవే చాలును; నూలు చుట్టిన బీము ఎత్తాలంటే పెద్దవీ కావలసిందే.

తంతువు చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడగానే కండరం ముడుచుకుంటుంది. అందుకు కావలసిన శక్తి ఏటీపీ అనే పదార్థం నుండి లభిస్తుంది. దీనిని కండరాలలో గుర్తించి 1929లో ప్రకటించినవారిలో, సైరస్ ఫిస్కేతో పాటు సుబ్బారావు ఉన్నారు.

యంత్రంలో చేయి పడి నరం తెగినప్పుడు, వెన్నుపాములోని కణం బ్రతికి ఉంటే తంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలదు. కణమే నశిస్తే ఆ అవకాశం లేదు.

పోలియో

పోలియో వైరస్ వెన్నుపాములోని ఈ కణాలనే చంపుతుంది. వైరస్ సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒకరికి అవయవాలు శాశ్వతంగా చచ్చుబడతాయి. మిగిలిన కణాలు కొత్త శాఖలు వేసి, దిక్కులేని కండర పోగులను కొన్నింటిని ఆదుకుంటాయి. అందుకే కొందరిలో కొంత బలం తిరిగి వస్తుంది.

భారతదేశంలో పల్స్ పోలియో 1995లో ప్రారంభమైనది. పని కోసం ఊళ్ళు మారే కుటుంబాల పిల్లలు తప్పిపోకుండా రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో కూడా చుక్కలు వేశారు. సహజ పోలియో వైరస్ వలన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైనది. 2014 మార్చి 27న దేశం పోలియో రహితంగా ధ్రువీకరణ పొందినది.

ఎస్‌ఎంఏ అనే వంశపారంపర్య వ్యాధి

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అనగా ఎస్‌ఎంఏలో, చాలక కణాలను బ్రతికించే ఒక ప్రోటీను తగినంత తయారు కాదు. దీనికి కారణమైన జన్యువును 1995లో గుర్తించారు. తల్లి, తండ్రి ఇద్దరూ లోపాన్ని మోస్తున్నప్పుడు, వారు ఆరోగ్యంగా ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఇద్దరికీ ఒకే పూర్వీకుని నుండి ఆ లోపం సంక్రమించే అవకాశం హెచ్చు. బయటి సంబంధాలలోనూ ఇది రావచ్చును. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

రిస్డిప్లాం అనే ప్రతిదినం తాగించే మందు సీసా ఒకప్పుడు సుమారు 6 లక్షల రూపాయలు పలికింది. న్యాయస్థానాల తీర్పుల అనంతరం 2025 అక్టోబరులో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా అదే మందును సీసా 15,900 రూపాయల గరిష్ఠ ధరకు ప్రకటించింది. ఈ మందు మిగిలి ఉన్న కణాలను కాపాడుతుంది; నశించిన వాటిని తిరిగి తేలేదు. కావున ఎంత ముందుగా మొదలుపెడితే అంత మేలు.

కుటుంబాలు గమనించవలసినవి

• శిశువు మెత్తగా వ్రేలాడుతున్నా, మెడ నిలపకున్నా, కాళ్ళు ఆడించకున్నా, చూపూ నవ్వూ చురుకుగా ఉన్నంత మాత్రాన ఉపేక్షించరాదు. వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి.

• పదిహేనేళ్ళలోపు పిల్లలకు అకస్మాత్తుగా కాలు లేక చేయి చచ్చుబడితే ప్రభుత్వ ఆసుపత్రికి తెలపాలి. పద్నాలుగు రోజులలోపు రెండు మలం నమూనాలు పరీక్షకు పంపుతారు.

• ఊరు మారినప్పుడు టీకాల కార్డు వెంట ఉండాలి. ఒక రాష్ట్రంలో మొదలైన టీకాలను మరొక రాష్ట్రంలో కొనసాగించవచ్చును.

• కుటుంబంలో ఎస్‌ఎంఏ ఉన్నవారు తదుపరి కాన్పుకు ముందే జన్యు సలహా పొందాలి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాలలో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రి, హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. కామత్‌ఘర్‌లో ఉన్నవారికి ముంబయి, సొంత ఊళ్ళో ఉన్నవారికి హైదరాబాదు చేరువ.